నూనెలో అయోడిన్ చుక్క

ప్రశ్న: మా వారికి 54 ఏళ్ళు. మూడు నెలల క్రితం గుండెపోటు వచ్చి ఒక స్టెంటు వేశారు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ ప్రయోగశాలలో బ్రోమిన్ నీళ్ళతో సంతృప్త, అసంతృప్త పదార్థాలను గుర్తుపట్టే పరీక్ష చేయించారట. ఇంటికొచ్చి టింక్చర్ అయోడిన్‌తో వంటింట్లో ఉన్న నూనెలన్నిటికీ అదే పరీక్ష పెట్టాడు. వేరుశనగ నూనెలో, నువ్వుల నూనెలో రంగు పోయింది. కొబ్బరినూనెలో, నేతిలో చాలాసేపు నిలిచింది. ఆనాటి నుంచి మా ఇంట్లో నెయ్యి బంద్. పక్కింటివాళ్ళ వనస్పతి తెచ్చి చూస్తే అందులోనూ రంగు పోయింది, కనక బేకరీ బిస్కట్లు తినొచ్చు అంటున్నాడు. గారెలు వేసిన నూనెలో కూడా రంగు పోతోంది కాబట్టి పారబోయనక్కర్లేదు అంటున్నాడు. మా అత్తగారు నెయ్యి లేని అన్నం అన్నమే కాదని రెండు పూటలా గొడవ. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి. నూనె మార్చాం గదా అని మా వారు కొలెస్టెరాల్ మాత్ర పది రోజులుగా వేసుకోవడం లేదు. - ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు ఆఖర్న రాసిన సంగతికి ముందు జవాబు చెబుతాను. ఈ పత్రిక పక్కన పెట్టి, ఆ మాత్ర ఈ రాత్రికే మళ్ళీ మొదలుపెట్టించండి. రేపే ఆయనకు వైద్యం చేసిన డాక్టరుకు కబురు చేసి, పది రోజులు మానేసిన విషయం దాచకుండా చెప్పండి. ఆయన మానేసింది కొలెస్టెరాల్ మాత్ర ఒక్కటేనా, లేక దానితోపాటు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి కూడానా అన్నది స్వయంగా చూడండి. మాత్రల అట్టలు తీసి లెక్కపెడితే తెలిసిపోతుంది. స్టెంటు వేసిన మొదటి నెలల్లో ఆ రెండో రకం మాత్రలు సొంతంగా ఆపితే, స్టెంటులోనే రక్తం గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. అవి కూడా ఆగి ఉంటే రేపటిదాకా ఆగకండి, ఈ రోజే ఫోను చేయండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగడం, చెమటలు, ఆయాసం - వీటిలో ఏది కనిపించినా నూనెల చర్చ మాని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నూనె మార్చినంత మాత్రాన మాత్ర అక్కర్లేదన్న అపోహ చాలామందిలో ఉంది. నెయ్యి, కొబ్బరినూనె తగ్గించి వేరే నూనె వాడితే రక్తంలో చెడ్డ కొలెస్టెరాల్ కొంత తగ్గే మాట నిజమే. అయితే గుండెపోటు వచ్చిన మనిషికి దాన్ని 70 లోపుకు, వీలైతే 55 లోపుకు దించాలని చూస్తాం. వంటనూనె ఒక్కటే ఆ పని చెయ్యలేదు. పైగా ఆ మాత్ర పని కొలెస్టెరాల్ తగ్గించడంతో అయిపోదు; రక్తనాళాల గోడల్లో పేరుకున్న క్రొవ్వు పగిలిపోకుండా కూడా అది కాపాడుతుంది. నూనె, మాత్ర రెండూ కావాలి. ఒకటి ఉంది గదా అని రెండోది మానెయ్యకూడదు.

ఇక మీ అబ్బాయి పరీక్ష సంగతి. అతన్ని కోప్పడకండి. కాలేజీలో నేర్చుకున్నది ఇంట్లో పెట్టి చూసే పిల్లలు ఎంతమంది? అతను చేసింది తప్పు పరీక్ష కాదు. ఆ పరీక్ష చెప్పని సంగతులు కూడా దానిచేత చెప్పించాడు. చిక్కంతా అక్కడ వచ్చింది.

కర్బనం పరమాణువుకు నాలుగు చేతులున్నాయని అనుకోండి. గొలుసులో ఉన్న కర్బనం అటు ఒకరి చేయి, ఇటు ఒకరి చేయి పట్టుకుని, మిగతా రెండు చేతులతో రెండు హైడ్రోజన్లను పట్టుకుంటే, ఖాళీ చెయ్యి అంటూ ఉండదు. ఇదే సంతృప్త పదార్థం. మీ వంటింటి సిలిండరులోని గ్యాసులో ముఖ్యంగా ఉండే ప్రొపేను, బ్యూటేను ఈ కోవలోవే. కొన్ని గొలుసుల్లో మాత్రం పక్కపక్కనున్న రెండు కర్బనాలు, ఒప్పులకుప్ప ఆడే ఆడపిల్లల్లాగా, రెండేసి చేతులూ కలిపి పట్టుకుంటాయి. అది జంట బంధం. కాయ పండేటప్పుడు పుట్టే ఎథిలీను అనే వాయువులో, కార్బైడు రాయి తడిస్తే వచ్చే ఎసిటిలీనులో ఇలాంటి బంధాలున్నాయి. ఎసిటిలీనులో రెండు కాదు, మూడు చేతులు కలుస్తాయి. వీటిని అసంతృప్త పదార్థాలు అంటారు.

ఎర్రగా ఉండే బ్రోమిన్ నీళ్ళు వీటికి తగిలితే, ఒప్పులకుప్ప ఆడేవాళ్ళు ఒక జత చేతులు విడదీసి, ఆ విడిన చేతులతో చెరో బ్రోమిన్‌ను పట్టుకుంటారు. బ్రోమిన్ అంతా ఇలా ఖర్చయిపోతుంది గనక రంగు పోతుంది. ఖాళీ చేతులు లేని సంతృప్త పదార్థంలో రంగు అలాగే నిలుస్తుంది. ఎండలో పెడితే మటుకు అందులోనూ మెల్లగా పోతుంది, అంచేతనే ప్రయోగశాలలో ఈ పరీక్ష నీడపట్టున చేయిస్తారు. ఊదారంగు పొటాషియం పర్మాంగనేటు నీళ్ళతో కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. దానికి జర్మనీ రసాయన శాస్త్రవేత్త బేయర్ పేరు పెట్టారు. ఆయనకు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడే అబ్బాయికి ఒక హెచ్చరిక. బ్రోమిన్ ఇంటికి తేకూడదు. దాని ఆవిరి ఊపిరితిత్తులను కాలుస్తుంది, ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. పర్మాంగనేటు పలుకులను గ్లిసరిన్‌తో కలిపితే కాసేపట్లో దానంతట అదే మంట లేస్తుంది. మందుల అలమరలో ఈ రెండూ పక్కపక్కన ఉండే ఇళ్ళు నేను చూశాను. టింక్చరులో సారాయం ఉంటుంది కాబట్టి దాన్ని పొయ్యి మీద వెచ్చచేయకూడదు. పరీక్షకు వాడిన నూనె తిరిగి సీసాలో పొయ్యకూడదు.

నూనెలు, నెయ్యి అచ్చంగా హైడ్రోకార్బన్లు కావు. కాని వాటిలో ఉండే క్రొవ్వు ఆమ్లాలకు పొడవాటి హైడ్రోకార్బన్ తోకలుంటాయి. ఆ తోకల్లో జంట బంధాలుంటే నూనె అసంతృప్తం, లేకపోతే సంతృప్తం. అంచేతనే ఈ పరీక్ష వంటింటికి కూడా పనికొస్తుంది. ప్రకృతిలో దొరికే జంట బంధం దగ్గర తోక వంకర తిరుగుతుంది. కట్టెల మోపు కట్టి చూడండి. చక్కటి కర్రలు ఒకదానికొకటి ఒత్తుకుని మోపు బిగుస్తుంది, వంకర కర్రలు ఎలా కట్టినా సందులే. నెయ్యి గడ్డకట్టడానికీ, నువ్వుల నూనె చలికాలంలోనూ పల్చగా ఉండడానికీ కారణం ఇదే.

ఈ జంట బంధాలు ఎన్ని ఉన్నాయో కొలిచే పద్ధతిని 1884లో హ్యూబుల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను పట్టుకుంటుందో ఆ అంకెను అయోడిన్ విలువ అంటారు. కొబ్బరినూనెకు అది సుమారు 8 నుంచి 10, నేతికి 30 ప్రాంతం, పామోలిన్‌కు 54 నుంచి 62, వేరుశనగ నూనెకు 85 నుంచి 99, తవుడు నూనెకు 90 నుంచి 105, నువ్వుల నూనెకు 103 నుంచి 120, కుసుమ నూనెకు 135 నుంచి 148. కొయ్య సామాన్లకు, రంగుల్లోకి వాడే అవిసె నూనెకు 170కి పైనే.

ఈ అంకెలతో మీ అబ్బాయి పరీక్షను సరిచూద్దాం. ఒక చెంచాడు కొబ్బరినూనె నాలుగున్నర గ్రాములుంటుంది. దాని అయోడిన్ విలువ 8 అనుకున్నా, అది 360 మిల్లీగ్రాముల అయోడిన్ పట్టుకోగలదు. రెండు శాతం టింక్చరు ఒక చుక్కలో ఉండేది సుమారు ఒక మిల్లీగ్రాము. పది చుక్కలు వేసినా పది మిల్లీగ్రాములే. మరి అంత కొంచెం అయోడిన్‌ను కొబ్బరినూనె ఎందుకు మింగెయ్యలేదు? అందులో జంట బంధాలు తక్కువ, పైగా ఒట్టి అయోడిన్ బద్ధకపు మనిషి. బ్రోమిన్ లాగా చటుక్కున అంటుకోదు. అంచేతనే హ్యూబుల్ దానికి పాదరసపు లవణాన్ని జత చేశాడు. 1898లో వైస్ అనే ఆయన దానికి క్లోరిన్ జోడించాడు. అంటే మీ వంటింటి పరీక్షలో తేలింది నూనె ఎంత అయోడిన్ పడుతుందన్నది కాదు, ఎంత తొందరగా పడుతుందన్నది. గిన్నె వేడిగా ఉన్నా, చుక్క పెద్దదైనా ఫలితం మారిపోతుంది. నిమ్మరసం పిండినా అయోడిన్ రంగు పోతుంది, అది విటమిన్ సి చేసే పని. అంతమాత్రాన నిమ్మకాయ నూనె గింజ అవుతుందా?

ఇక వనస్పతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే.

1902లో నార్మన్ అనే జర్మనీ రసాయనికుడు ద్రవరూపంలోని నూనెల్లోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ పంపి గడ్డకట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దానికి ముందే నికెల్ మహిమను బయటపెట్టిన ఫ్రాన్సు శాస్త్రవేత్త సబాటియేకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1937లో డాల్డా వచ్చాక, వనస్పతి ఇంటింటికీ చేరింది. జంట బంధాలన్నీ నిండేదాకా హైడ్రోజన్ ఎక్కిస్తే నూనె మైనంలాగా అవుతుంది గనక, మధ్యలో ఆపేసేవారు. ఆ సగం పనిలో ఒక విచిత్రం జరిగేది. మిగిలిన జంట బంధాల్లో కొన్ని మెలిక తిరిగి, వంకర తోక కాస్తా తిన్నగా అయ్యేది. దీన్నే ట్రాన్స్ క్రొవ్వు అంటారు. తిన్నటి కర్రల మోపు లాగా గడ్డకడుతుంది గాని, దానిలో జంట బంధం చెక్కుచెదరకుండా ఉంటుంది. కాబట్టి బ్రోమిన్‌కు, అయోడిన్‌కు అది మంచి నూనెలాగే కనిపిస్తుంది. మీ వాడి పరీక్షలో నెయ్యి తప్పింది, వనస్పతి ప్యాసయింది. గుండెకు ఆ రెండిట్లో ఎక్కువ చెరుపు చేసేది ప్యాసయినదే.

ట్రాన్స్ క్రొవ్వు చెడ్డ కొలెస్టెరాల్‌ను పెంచడమే గాక మంచి కొలెస్టెరాల్‌ను తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మనుషుల మీద పరీక్షించి చూపారు. మామూలు సంతృప్త క్రొవ్వు చేసేది మొదటి చెరుపు మాత్రమే. మన దేశంలో నూనెల్లో, క్రొవ్వుల్లో ట్రాన్స్ క్రొవ్వు 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదని నిబంధన పెట్టారు. నిబంధన వచ్చాక పరిస్థితి మెరుగైంది. కాని విడిగా అమ్మే పఫ్‌లు, బిస్కట్లు, రోడ్డు పక్క చిరుతిళ్ళ మీద చీటీ ఉండదు గదా! మీ వారికి అవి వద్దు. చీటీ ఉన్నవాటి మీద హైడ్రోజనీకరించిన నూనె అని కనిపిస్తే తిరిగి అలమరలో పెట్టెయ్యండి.

గారెల నూనె సంగతి కూడా ఇలాంటిదే. జంట బంధం అయోడిన్‌కు చెయ్యి అందించినట్టే గాలిలోని ఆక్సిజన్‌కూ అందిస్తుంది. అవిసె నూనె పూసిన బల్ల మీద పొర గట్టిపడడం, సీసా అడుగున నూనె ముక్కవాసన కొట్టడం అంతా దీని వల్లే. మూకుడులో మరిగే నూనెలో ఇది ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. ఎంత ఎక్కువ అసంతృప్తమైతే అంత త్వరగా చెడుతుంది. అయితే నాలుగు వాయిలు వేసినా చాలా బంధాలు మిగిలే ఉంటాయి కాబట్టి అయోడిన్ రంగు పోతూనే ఉంటుంది. ఎంత నూనె మిగిలిందో ఆ చుక్క చెబుతుంది. ఎంత చెడిందో చెప్పదు. అలా చెడిన పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని 2018 నుంచి నియమం ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం గాని, నూనె నల్లబడి, చిక్కబడి, నురగ విడవకుండా, పెట్టిన కాసేపటికే పొగ లేస్తుంటే ఇంకేం చూడక్కర్లేదు. ఒకసారి వేపుడుకు వాడిన నూనె వడగట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకు వాడెయ్యండి. మళ్ళీ మూకుడులో పొయ్యకండి. పాత నూనెలో కొత్త నూనె కలిపితే కొత్తది కూడా తొందరగా పాడవుతుంది.

కల్తీని కూడా ఈ పరీక్ష పట్టుకోలేదు. 1998లో ఢిల్లీలో ఎంతోమందికి కాళ్ళు వాచి, కొందరి ప్రాణాలు పోయాయి. కారణం ఆవనూనెలో కలిసిన ఆర్జిమోన్ అనే ముళ్ళమొక్క గింజల నూనె. అది కూడా అయోడిన్ రంగు పోగొట్టేదే. ఒక్క విషయంలో మాత్రం మీ అబ్బాయి పాఠం అచ్చంగా పనికొస్తుంది. ఖనిజ తైలం, అంటే లిక్విడ్ పారఫిన్, పూర్తిగా సంతృప్త హైడ్రోకార్బను. దానిలో రంగు ఎంతసేపయినా నిలిచే ఉంటుంది. కాని వేరుశనగ నూనెలో అది పదోవంతు కలిస్తే మిగతా తొమ్మిది వంతులు రంగు పోగొట్టేస్తాయి. దీనికి వేరే పరీక్ష ఉంది, అది ప్రయోగశాలలో చేయాల్సిందే. సీలు వేసిన డబ్బా కొనుక్కోవడం మనకున్న సులువైన దారి.

ఇంక మీ అత్తగారి నెయ్యి. మీ వారి ఆహారం రోజుకు 1800 కాలరీలనుకుంటే, మామూలు మనిషికి సంతృప్త క్రొవ్వు అందులో పదోవంతు కాలరీలకు మించకూడదంటాం. అంటే 20 గ్రాములు. గుండెపోటు వచ్చినవారికి ఇంకా తగ్గించి 14 గ్రాముల దగ్గర ఆపమంటాం. ఒక టీస్పూను నేతిలో ఉండేది సుమారు 3 గ్రాములు. కాబట్టి మధ్యాహ్నం పప్పన్నంలో ఒక్క టీస్పూను వేస్తే ఇంటి మీద పిడుగు పడదు. గరిటెతో మాత్రం వద్దు, ముద్దముద్దకీ వద్దు.

మీరెవరూ పరీక్షించనిది ఇంకొకటి ఉంది. మీది గేదె పాలే అయి ఉంటుంది. అందులో నూటికి 6 పాళ్ళు క్రొవ్వు. కాఫీకి, పెరుగుకి, రాత్రి గ్లాసుకి కలిపి ఆయన అర లీటరు తీసుకుంటే 30 గ్రాముల క్రొవ్వు, అందులో సంతృప్తం మూడింట రెండొంతులు, అంటే 20 గ్రాములు. నెయ్యి మానేసి, ఆ పాల మీద మీగడ తొరకతో సహా పెరుగు తోడు పెడుతున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. నా దగ్గరికొచ్చే ఇళ్ళల్లో సగం ఇళ్ళు ఇంతే. పాలు కాచి చల్లార్చి మీగడ పూర్తిగా తీసెయ్యండి, లేదా వెన్న తీసిన పాలు ఆయనకు విడిగా కొనండి. నెయ్యి మీద గొడవకంటే దీనివల్ల ఎక్కువ లాభం.

కొబ్బరినూనె రోజూ వంటకు వద్దు. పచ్చడిలో కొబ్బరికోరు అప్పుడప్పుడు వేసుకోవచ్చు. వేరుశనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు - వీటిలో రెండు రకాలు మార్చి మార్చి వాడండి. ఒక్క నూనెలోనే అన్ని క్రొవ్వు ఆమ్లాలూ సరిపాళ్ళలో దొరకవు. శరీరం సొంతంగా తయారుచేసుకోలేని క్రొవ్వు ఆమ్లాలున్నాయని 1929లో బర్ దంపతులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూపారు. వాటిలో ఒక రకం నువ్వుల్లో బాగా ఉంది, రెండో రకం వేరుశనగలో దాదాపు లేదు, అవిసె గింజల్లో, చేపల్లో ఉంది. బ్రోమిన్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు. వేయించిన అవిసె గింజల పొడి రోజుకో చెంచాడు అన్నంలో కలిపి పెట్టండి.

అసంతృప్తం గదా అని నూనె ధారగా పోయడం కూడా తప్పే. ఏ నూనె అయినా గ్రాముకు 9 కాలరీలే. మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు మూడు కిలోలు. ఒకటో తారీకున మూడు కిలోలు కొని విడిగా ఒక డబ్బాలో పోసుకోండి. ఇరవయ్యో తారీకుకే అయిపోతే ఎక్కడ పోతోందో మీకే తెలుస్తుంది. అంకెలు చూసుకునే పని అబ్బాయికి అప్పగించండి, అతనికి ఇష్టమైన పనే.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాక, డాక్టరు చెప్పిన గడువుకు, మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాల్లో, రక్తంలో కొలెస్టెరాల్ పరీక్ష చేయించండి. ఆ కాగితం, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితం నకళ్ళు తీసి నాకు పంపితే చూసి రాస్తాను. ఈలోగా మాత్రల అట్ట ఆయన తలగడ పక్కన కాకుండా, భోజనాల బల్ల మీద మీ కళ్ళ ముందు ఉంచండి.